దిగాల్సిన వేళ

త్సెలీసో, ఇక ఏడుపు ఆపు.
మోకాలి మీద ఆ గీత వారంలో మానిపోతుంది.
ముందు నాకొక్కటి చెప్పు,
అది నిన్ను పడేశాక నువ్వేం చేశావు?

"జీను విప్పేశాను మ్మె.
మేతకి వదిలేశాను."

అదిగో.
వీపు విల్లులా వంచి ఎగిరితే
పని ముగిసి పచ్చిక దొరుకుతుందని
ఒక్క పొద్దులో దానికి నేర్పేశావు.
నీకు బళ్ళో మూడేళ్ళు పట్టింది ఏడో ఎక్కం,
గుర్రానికి ఒక్కసారి చాలు.

ఆ జీను ఇలా తే. తిరగెయ్యి.
మీ నాన్న గనిలో తొలి జీతంతో కొన్నదని తెలుసు,
పైకి ఇంకా మెరుస్తూనే ఉంది.
అడుగున అరచెయ్యి పెట్టి నొక్కు.
కాదు, ఎడమ పక్క. ఇంకాస్త వెనక్కి.
తగిలిందా?
గట్టిపడ్డ ఉన్ని ముద్ద, మొక్కజొన్న గింజంత.
దాని మీద నువ్వు,
నీ వెనక రెండు మూటల పిండి,
పైగా లోయలోకి దిగుడు.

ఇప్పుడు ఫోకా వీపు చూడు.
సరిగ్గా అక్కడే వెంట్రుకలు చిట్లి, అడ్డంగా లేచి ఉన్నాయి.
నోరు లేనిది
ఇంకెక్కడ రాసుకుంటుంది?

దాణా తగ్గించు.
మంచు పడి వారం రోజులు కట్టేసి ఉన్నప్పుడు
రోజుకి మూడు దోసిళ్ళ జొన్నలు పోశావుట!
ఆ జొన్నలన్నీ ఇప్పుడు దాని కాళ్ళలో ఉన్నాయి.

రేపు ఇసుక మెట్టకి పోదాం.
చలికాలం, నది సన్నబడింది,
పిక్కల లోతు ఇసుకలో ఎగరడం దానికీ బరువే,
పడ్డా నీకు దెబ్బ తగలదు.
పొట్టపట్టీ ఒక్క గుంజులో బిగించకు.
ఒక బెజ్జం. పది అడుగులు నడిపించు.
ఇంకో బెజ్జం. నడిపించు.
అది ఉబ్బించిన ఊపిరి వదిలాక మూడోది.

ఎక్కాక నీ తొడలతో విను.
నడుము నీ కింద బండలా బిగుస్తుంది,
తోక నొక్కుకుపోతుంది, చెవులు వెనక్కి పడతాయి,
ఉరుముకి ముందు గాలి ఆగినట్టు.
అప్పుడు రెండు పగ్గాలూ లాగావో, పోయావు.
ఒక్కటే లాగు. ముక్కు నీ మోకాలి వైపు తిరగాలి,
వెనక కాళ్ళు ఒకదాన్నొకటి దాటాలి.
తల ముందుకాళ్ళ మధ్యకి పోకపోతే
వీపు వంగదు.
బిగువు వదిలిందా, ఇక ముందుకి పంపు.
నడిచే గుర్రానికి ఎగిరే తీరిక ఉండదు.

కొట్టకు.

ఎందుకని అడగవేం?
నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని అప్పుడు.
లెఫిఫి అని నాకో నల్లది ఉండేది, రాత్రంత నలుపు.
జీను వేస్తే చాలు ఎగిరేది.
నేను పడలేదు, కొట్టాను.
ఊరంతా గోడ మీద కూర్చుని చూసి
కేకలు పెట్టి మెచ్చుకుంది.
పడకపోవడమే గెలుపనుకున్నాను.
చివరికి విసిగి ఆరు గొర్రెలకి అమ్మేశాను,
జీను మాత్రం ఉంచుకున్నాను.
మరుసటేడు కుట్టు విప్పితే
లోపల చెక్క చీలి ఉంది. ఒక మేకు మొన
ఈ వేలిని కోసింది. ఇదిగో మచ్చ.

రెండు రోజులు నడిచి కనుమ దాటాను.
కొన్నతను పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని ఉన్నాడు.
"నల్లదా? అది ఎగిరేదమ్మా" అని
అరచెయ్యి అడ్డంగా, కత్తిలా,
గాల్లో ఒక్కసారి ఆడించాడు.
తర్వాత టీ ఇచ్చాడు. తాగాను.

సరే. రేపటి సంగతి.
అది ఎగరకుండా
ఆ గట్టు నుంచి ఆ రెల్లు దాకా నడిచిందనుకో,
ఇంకాస్త దూరం అని ఆశపడకు.
అక్కడే దిగు.
జీను విప్పు, మెడ మీద చెయ్యి వెయ్యి, మేతకి వదులు.
ఇవాళ ఎగిరినందుకు ఇచ్చిందంతా
రేపు నడిచినందుకు ఇవ్వు.

ఇప్పుడా దీపం దగ్గరికి జరుపు.
సూదిలో దారం ఎక్కించు, నాకు కళ్ళు ఆనవు.
ఈ ముద్ద
ఈ రాత్రికే తీసెయ్యాలి.